ఎడమవైపు బాల్కనీ

సోమవారం

ఈ ఉదయం బాల్కనీ తలుపు గాజు మీద ఒక అరచేయి కనబడింది. రాత్రి పేరుకున్న ఉప్పులో, నా నడుము ఎత్తున, అయిదు వేళ్ళూ విడివిడిగా. చిన్నపిల్ల చేయి. నాకంటే ముందు ఈ గదిలో ఉన్నవాళ్ళ పిల్ల ఎవరో నూనె చేత్తో ముట్టుకుని ఉంటుంది. తడిగుడ్డతో తుడిస్తే పోయింది. ఉప్పు పడితే మళ్ళీ వస్తుందేమో చూడాలి.

వంశధార ఓడలో ప్రతివాళ్ళకూ ఒక చలికాలం బాల్కనీ గది వస్తుంది. చీటీలు తీస్తారు. నా చీటీకి కుడివైపు గది వచ్చింది. కుడివైపు గదుల కోసం జనం కొట్టుకుంటారు. అటు గాలి బావుంటుంది, బట్టలు ఆరుతాయి. నేను నా గదిని ఒక కొత్త జంటకు ఇచ్చి వాళ్ళ ఎడమవైపు గది తీసుకున్నాను. ఆ అమ్మాయి రెండుసార్లు నిజంగానా అని అడిగింది.

ఏడాదికోసారి ఓడ ఎడమకు మళ్ళే చోట, ఎడమవైపు బాల్కనీల నుంచి ఒక్కోసారి ఇంకో ఓడ, నాగావళి, కనబడుతుందంటారు. ఆ మలుపు వచ్చే శనివారం కాక ఆపై శనివారం. అప్పటిదాకా ఈ గది నా చేయి జారకూడదు. నాకు కావలసింది అంతే.

గది అంటే ఒక మంచం, గోడకు మడిచే బల్ల, అద్దం, గాజు తలుపు. తలుపు అవతల ఒక కుర్చీ. కూర్చుంటే మోకాళ్ళు కటకటాలకు తగులుతాయి. కటకటాల అవతల సముద్రం తప్ప ఏమీ లేదు.

బల్ల సొరుగులో పాత అట్టముక్క దొరికింది. తలుపు పిడికి తగిలించడానికి రంధ్రం ఉంది. 'రేపు ఉదయం మీ బాల్కనీకి ఏం పంపమంటారు?' అని అడిగి, కింద కాఫీ, టీ, పళ్ళరసం, గుడ్లు అని గళ్ళు గీశారు. ఎవరో కాఫీ దగ్గర టిక్కు పెట్టి, తగిలించడం మర్చిపోయారు. అప్పట్లో ఈ ఓడ ఎక్కినవాళ్ళు నాలుగైదు రోజులు సముద్రం చూసి, దిగి, ఇళ్ళకు వెళ్ళిపోయేవాళ్ళట. ఓడలోని కాన్వెంటు బడిలో సిస్టర్ లూర్దు ఈ సంగతి చెప్పినప్పుడు క్లాసంతా నవ్వింది. దిగి ఎక్కడికి వెళ్ళేవాళ్ళని అడిగాం.

సాయంత్రం నా పని మొదలైంది. బాల్కనీ వచ్చిన ప్రతివాళ్ళకూ ఉండే పనే. నడవాకు అటువైపు కిటికీలు లేని లోపలి గదులున్నాయి. ఒకప్పుడు ఆ గదుల్లో గోడంత తెర ఉండి, బయటి సముద్రం అందులో కనబడేదట. మా తాతల కాలంలో ఓడలో తెలివైన యంత్రాలన్నీ ఒకదాని వెనక ఒకటి మూగబోయాయి. దారి చూపేవీ పోయాయి, తెరలూ పోయాయి. అప్పటినుంచి ఒక్కో బాల్కనీకి ఒక్కో లోపలి గదిని జత చేశారు. బాల్కనీలో ఉన్నవాళ్ళు ఆ రోజు చూసిన సముద్రాన్ని పొద్దుగూకాక, గోడలోంచి వెళ్ళే మాటల గొట్టంలోంచి లోపలి గదికి చెప్పాలి. నియమం ఒక్కటే. చూసిందే చెప్పాలి. వినేవాళ్ళకు నచ్చకపోతే గదుల వార్డెన్‌తో ఒక మాట అంటారు, మర్నాడు బాల్కనీ ఇంకొకరికి పోతుంది.

నాకు మాట్లాడటం రాదు. కాన్వెంటులో పద్యం అప్పజెప్పమంటే గోడవైపు తిరిగి అప్పజెప్పేదాన్ని. సిస్టర్ లూర్దు అలాగే కానిచ్చేవారు.

మంచం తలవైపు గొట్టం మూత తీసి నమస్కారం పెట్టాను, అవతల కనబడదని తెలిసీ.

"ఎవరూ?"

"కొత్తగా వచ్చానండీ. సుచరిత."

"గట్టిగా చెప్పమ్మాయ్. నీ చెవుల్లాంటివి కావు నావి. నేను కాసులమ్మని. ఊ, చెప్పు."

"సముద్రం నీలంగా ఉందండీ."

"ఊ."

"అలలు ఉన్నాయండీ."

గొట్టంలో సూది మందపాటి గుడ్డలోంచి దూరి, దారం బర్రున లాగిన చప్పుడు వినబడింది. ఓడను లాగే పెద్ద గాలిపటాలకు చిరుగులు కుట్టేది ఈవిడేనని తర్వాత తెలిసింది.

"అంతేనా?"

"అంతేనండీ."

"సముద్రంలో అలలున్నాయంట. అబ్బో! నీకు ముందున్నావిడ నీళ్ళ సంగతి చెప్తుంటే నా కొంగు తడిసినట్టుండేది. నువ్వు సరుకుల చీటీ చదివినట్టు చదివావు. ఇట్టాగైతే వార్డెన్‌తో చెప్పి మార్పించేస్తాను పిల్లా, ముందే అంటున్నా."

మూత వేసేశాను. చెవులు కాలిపోయాయి.

బుధవారం

అరచేయి మళ్ళీ వచ్చింది. ఈసారి తుడవలేదు.

లేచేసరికి సముద్రం లేదు. పొగమంచు. కటకటాల దాకా బాల్కనీ ఉంది, ఆపైన లోకం ఇంకా మొదలుకాలేదు. చేయి చాపితే మణికట్టు వరకు నాది, వేళ్ళు మాత్రం ఎవరివో అన్నట్టు పలచబడ్డాయి. ఉండుండి మా ఓడ కూత వేస్తోంది, ఎదురుగా ఎవరన్నా ఉంటే తప్పుకోమని. కూత ఆగాక ఆ తెలుపు ఇంకాస్త దగ్గరకు జరిగినట్టుంటుంది.

నా బాల్కనీకీ పక్క బాల్కనీకీ మధ్య ఒక పలక అడ్డం. దాని అవతల నుంచి దగ్గు వినబడింది.

"ఏటమ్మా, కొత్తగా వచ్చినావా?"

"అవునండీ."

"నేను ఏసుపాదాన్ని. పెద్ద వంటశాలలో ఉండేవోణ్ణి. సిన్నప్పుడు కాన్వెంటులో నువ్వు తిన్న సాంబారు నాదే, తిట్టుకున్నా నన్నే తిట్టుకోవాలి."

బావుండేదండీ అన్నాను. నిజంగానే బావుండేది.

"మొన్న నీ సెప్పడం గోడలోంచి ఇన్నాన్లే. అలలున్నాయి అన్నావు." ఆయన నవ్వారు. "తప్పేటి, ఉన్నాయి గదా."

"ఇవాళ అవి కూడా కనబడటం లేదండీ."

"కనబడకపోతేనే మంచిది తల్లీ. అప్పుడే సెప్పడానికి వీలుంటాది."

"చూసిందే చెప్పాలి కదండీ?"

"కళ్ళు మూసుకుంటే కనబడినాది సూసినట్టు గాదేటి?"

ఏసుపాదం గారి చెప్పడం ఓడలో పేరున్నది. ఆయన చెప్పేది తన జత గదిలోని సూరమ్మ గారికే అయినా, పొద్దుగూకగానే ఆవిడ గది ముందు నడవాలో జనం చాపలు పరుచుకుని కూర్చుంటారు.

సాయంత్రం నేను మూత తీసి, ఏమీ లేదండీ అన్నాను.

"ఏమీ లేకపోవడం ఏంటి?"

"అంతా పొగమంచండీ."

"మరి పొగమంచు ఉన్నట్టే కదా. ఏమీ లేదంటావేం?" సూది ఆగింది. "రేపైనా సరిగ్గా చూసి ఏడువు."

శుక్రవారం

నిన్నా ఇవాళా పుస్తకం తెరవలేదు. పొగమంచునే చూశాను.

ముందు అంతా ఒకటే తెలుపు అనుకున్నాను. చూస్తూ కూర్చుంటే అది కదులుతుంది. లోపల ఎక్కడో పెద్ద గదులున్నట్టు, ఆ గదుల తలుపులు ఎవరో నెమ్మదిగా తెరిచి మూస్తున్నట్టు. కాసేపు మా ఓడ నడవడం లేదనీ, తెలుపే మమ్మల్ని దాటి ఎటో వెళుతోందనీ అనిపించింది. గాలిపటాల తాళ్ళు పైకి వెళ్ళి కొంతదూరంలో అంతమైపోతున్నాయి. వాటి చివర ఏముందో, ఏది మమ్మల్ని లాగుతోందో తెలియదు.

కాసులమ్మ గారు నేను మూత తీసేదాకా ఆగలేదు. ఆవిడే గొట్టం మీద తట్టారు.

"పక్కగది సూరమ్మకు కొండ కనబడిందంట!"

"కొండా అండీ?"

"కొండ. దాని మీద దీపం. దీపం కింద తాటిచెట్లు, గేదెలూ. ఏసుపాదం చెప్పాడంట. మీవి పక్కపక్క బాల్కనీలేగా, నీకెందుకు కనబడదు?"

నేను గాజు తలుపు వైపు చూశాను. తెలుపే.

"నడవాలో మొహం ఎత్తుకోలేక చస్తున్నా. అందరి గదుల్లో ఏదో ఒకటి కనబడుతోంది. ఒకరికి పక్షులు, ఒకరికి గుడి గోపురం. నా ఖర్మకి నువ్వు దొరికావు. రేపు పొద్దున వార్డెన్ దగ్గరకు పోతున్నా, ఏమనుకోకు."

కొండ అని ఒక్క మాట అంటే చాలు. నాకు కొండలు తెలుసు. నేను చదివిన పుస్తకాల నిండా కొండలే. చెట్లతో సహా చెప్పగలను. మలుపు ఇంకా వారం ఉంది. నోరు తెరిచాను కూడా. కానీ పుస్తకంలో కొండ రాసినవాళ్ళు దాన్ని చూశారు. నేను చూడలేదు.

"తెలుపండీ," అన్నాను. "పొద్దున గంజిలా ఉంది. మధ్యాహ్నం పలచబడి బియ్యం కడిగిన నీళ్ళయింది. ఇప్పుడు గోడకు కొట్టిన సున్నంలా ఉంది. కటకటాల కింద బొట్లు వేలాడుతున్నాయండీ. ఒక బొట్టు పక్కదాన్ని కలుపుకుంది. బరువెక్కింది. అయినా పడలేదు. నేను చాలాసేపు చూశాను. కూత వేసినప్పుడు పడింది."



"గంజి అన్నావు. చిక్కటిదా, పలచటిదా?"

"చిక్కటిదండీ. ఇంకా మీగడ కట్టనిది."

"ఊ," అన్నారు కాసులమ్మ గారు. దారం బర్రుమంది. వార్డెన్ మాట మళ్ళీ ఎత్తలేదు.

ఆదివారం

ఓడంతా కొండ గురించే మాట. లోపలి గదులవాళ్ళు మూటలు కట్టుకుని పై అంతస్తులో నిలబడ్డారు. ఒకావిడ తులసి కుండీని చంకన పెట్టుకుంది. నేల మీద పెడతానంటోంది. ఎవరికీ ఏమీ కనబడటం లేదు. అందరూ ఒకవైపే చూస్తున్నారు.

పైనున్న ఆఫీసర్లు కూడా నమ్మారు. గాలిపటాలు దించి ఓడను ఆపి, తాడుకు సీసం గుండు కట్టి లోతు చూశారు. ఉన్న తాడంతా అయిపోయింది, నేల తగల్లేదు. ఒక రోజంతా పోయింది.

సాయంత్రం ఆఫీసర్ భాస్కరం గారు మైకులో మాట్లాడారు. కొండ లేదు, దీపం లేదు అన్నారు. మలుపు దగ్గర ప్రవాహం శనివారం మధ్యాహ్నం ఒక్క పూటే ఉంటుందనీ, అది తప్పితే ఓడ తిరిగి దక్షిణానికి కొట్టుకుపోతుందనీ, నీళ్ళ మీద తేలే బియ్యం రేవుకు అనుకున్నప్పటికి చేరమనీ చెప్పారు. పొగమంచు విడిచేదాకా బాల్కనీల నుంచి ఎవరేం చెప్పినా పైన ఎవరూ వినరన్నారు.

పలక అవతల ఏసుపాదం గారు చాలాసేపు దగ్గలేదు కూడా.

"ఉన్నారాండీ?" అని అడిగాను. నేనుగా ఒకరిని పలకరించడం ఈ మధ్య ఇదే మొదటిసారి.

"ఉన్నాను తల్లీ. ఎక్కడికి పోతాను." తర్వాత మెల్లగా అన్నారు, "సూరమ్మకి పొగమంచంటే బయ్యం. కన్ను మూయట్లేదు. దీపం సూశానంటే ఆ రాత్రి పడుకుంది. నేను సూరమ్మ కోసం సెప్పాను గానీ, కెప్టెన్ కోసం సెప్పానేటి?"

 సాంబారు గురించి ఏదో అన్నాను.

మంగళవారం

గదిలోకి కూడా పొగమంచు వస్తోంది. పుస్తకాల అంచులు మెత్తబడి వంపు తిరిగాయి. పేజీ తిప్పితే చప్పుడు రాదు. మంచం మీద పడుకుని గాజు తలుపు వైపు చూస్తే అరచేయి ఒక్కటే స్పష్టంగా ఉంది, తెలుపు మీద ఇంకా తెల్లగా. అవతల నుంచి ఎవరో చేయి ఆనించి లోపలికి చూస్తున్నట్టు. భయం వేయలేదు. కాసేపటికి నిద్ర పట్టింది. లేచాక పొద్దున్నో సాయంత్రమో తెలియక, గొట్టం దగ్గర చెవి పెట్టి సూది చప్పుడు విన్నాను. సాయంత్రమే.

"ఇవాళ ఏ తెలుపు?" అన్నారు కాసులమ్మ గారు.

"మల్లెపూల దండ వాడిపోయే ముందు రంగండీ."

"అంచుల్లో గోధుమరంగు వస్తుంది, అదా?"

"అదేనండీ. కింద, నీళ్ళ దగ్గర."

"ఆ." ఆవిడకు తృప్తి కలిగినట్టుంది. "సూరమ్మకి నేనే చెప్తున్నా, నువ్వు చెప్పినవి. ఏసుపాదం నోరు మూసుకున్నాక దానికి ఏమీ లేదు పాపం. నిన్న గంజి సంగతి చెప్తే ఆకలేస్తోందంది."

మీరెప్పుడూ బాల్కనీ తీసుకోలేదా అని అడిగాను.

"మూడుసార్లు వచ్చింది చీటీ. వద్దన్నాను. నేను బాల్కనీలో కూర్చుంటే నాకెవరు చెప్తారు?" నవ్వారు. "సరేగాని, అందరూ కుడివైపు కావాలని ఏడుస్తుంటే నువ్వు ఎడమవైపు ఎందుకు తీసుకున్నావు?"

"ఊరికేనండీ."

"ఊరికేనా," అన్నారు ఆవిడ. అడిగినట్టు కాదు.

శనివారం

పొగమంచు విడవలేదు. మలుపు మధ్యాహ్నమేనని పొద్దున మైకులో చెప్పారు.

భోజనాల ముందే పైన తాళ్ళు లాగడం మొదలైంది. మలుపు కోసం మిగతా గాలిపటాలు ఒక్కొక్కటీ ఎత్తుతుంటే ఓడంతా మూలుగుతోంది. మధ్యమధ్య కూత. నేను కుర్చీలో కూర్చుని ఎడమవైపు చూస్తున్నాను. చూడటానికి ఏమీ లేదని తెలుసు. అయినా ఈ రోజు కోసమే ఈ కుర్చీ తీసుకున్నాను కాబట్టి కూర్చున్నాను.

ఒక కూతకూ ఇంకో కూతకూ మధ్య గంట వినబడింది.

దూరంగా, ఎడమవైపు, కాస్త ముందుకు. పైనుంచి కాదు. నీళ్ళ మీద పాకి వచ్చినట్టు కిందినుంచి. ఒకటి శుభ్రంగా మోగింది. వెంటనే ఇంకోటి బొంగురుగా, బీటవారిన ఇత్తడి చెంబును తట్టినట్టు. తర్వాత మా ఓడ కూత వేసింది, అంతా దాని కింద పడిపోయింది.

లేచి నిలబడ్డాను. కూత ఆగింది. మళ్ళీ వినబడింది. ఒకటి శుభ్రంగా, ఒకటి బొంగురుగా.

ఆ గంట నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. అది నాగావళి ఓడది. బీటవారిన గంట ఆ ఒక్క ఓడకే ఉంది. పొగమంచులో గాలిపటాలు దించేసి ఆగిపోయిన ఓడ గంట కొడుతుంది, ఇక్కడ ఉన్నాం, కదలలేం అని. మేము ఇంకాసేపట్లో ఎడమకు మళ్ళుతాం. గంట ఎడమవైపే ఉంది.

గొట్టం మూత లాగాను. "కాసులమ్మ గారూ!"

"ఏంటే, పొద్దుగూకనే లేదు."

"ఎడమవైపు ఓడ ఉందండీ. నాగావళి. మనం దాని మీదికి మళ్ళుతున్నాం."

"చూశావా?"

"చూడలేదండీ. విన్నాను."

సూది చప్పుడు ఆగిపోయింది. నడవాలో తలుపు తెరుచుకుంది. నా తలుపు కూడా. కాసులమ్మ గారిని అప్పుడే చూశాను. నా భుజం దాకా వస్తారు. వేలికి ఇత్తడి తొడుగు, జాకెట్టుకు గుచ్చిన సూదులు. బాల్కనీలోకి వచ్చి, కటకటాలు పట్టుకుని, తల పక్కకు వంచారు.

"నాకేమీ వినబడట్లేదు."

"సన్నగా ఉందండీ."

"నీకు వినబడుతోందా?"

అప్పుడే గంట మోగింది. ఆవిడ సముద్రం వైపు చూడటం లేదు. నా మొహం చూస్తున్నారు.

"వినబడుతోందండీ."

"పద," అన్నారు.

లిఫ్టులు మా కాలంలో ఎప్పుడూ లేవు. ఆవిడ నా మణికట్టు పట్టుకుని మెట్లెక్కారు. ప్రతి అంతస్తు దగ్గరా నిలబడి ఊపిరి పీల్చుకుని, నన్ను కాదు, మెట్లను తిట్టారు. పైన, ఓడ నడిపే గదిలో, ఆఫీసర్ భాస్కరం గారి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆయన పక్కన చుక్కాని పట్టుకున్న మనిషి మళ్ళించమనే మాట కోసం చూస్తున్నాడు.

"బాల్కనీల వాళ్ళని పైకి రావద్దని చెప్పాను కదమ్మా," అన్నారు ఆయన.

నేను నోరు తెరిచాను.  అందరూ నావైపే చూస్తున్నారు. గోడవైపు తిరిగాను.

"ఎడమవైపు గంట మోగుతోందండీ," అని గోడకు చెప్పాను. "నీళ్ళకు దగ్గరగా. మా గది కింద అంతస్తులో ఉంది కాబట్టి వినబడింది. నాగావళి గంటండీ."

"చూశావా ఓడని?"

"లేదండీ."

"చూడకుండానే చెప్పడానికి వచ్చావా?"

"విన్నానండీ. చూస్తే చూశాననే చెప్పేదాన్ని."

ఆయన నవ్వారు, విసుగ్గా. "కొండలయ్యాయి, గేదెలయ్యాయి. ఇప్పుడు గంటలు. ఒక రోజు ఓడ ఆపాను మీ మాటలు నమ్మి. ఇవాళ ప్రవాహం తప్పితే పిల్లలకు ఏం వండిపెడతారో నువ్వు చెప్పు."

 ఆయన అన్నది నిజం.

"బాబూ భాస్కరం," అన్నారు కాసులమ్మ గారు. ఇంకా ఆయాసపడుతూనే ఉన్నారు. "పొగమంచు పడ్డ కాడినుంచీ ఈ పిల్ల రోజూ నాకు ఏమీ లేదనే చెప్పింది. తిట్టాను. గది పీకించేస్తానన్నాను. ఓడంతా కొండలు చూస్తుంటే నా గొట్టంలో ఒక్క గుట్ట కూడా రాలేదు. కొండ ఉందంటే దాని సొమ్మేం పోయేది? నేనూ సంతోషించేదాన్ని. అయినా అనలేదు. అట్టాంటిది ఇవాళ ఉందంటోంది. నాకు చెవుడు, నాకు వినబడలేదు. దీనికి వినబడిందని నాకు తెలుసు. నీ ఇష్టం."

ఆయన చుక్కాని వైపు చూశారు, గోడవైపు తిరిగి ఉన్న నావైపు చూశారు.

"ఒక్క కూత ఆపుతాను," అన్నారు. "ఒక్కటి."

మైకు తీసుకుని, అందరూ ఎక్కడివాళ్ళక్కడ ఆగాలి, చప్పుడు చేయవద్దు అన్నారు.

ఓడ నిశ్శబ్దమైంది. ముందు తాళ్ళ రాట్నాలు. తర్వాత వంటశాలలో గిన్నెలు, కొళాయిలు, నడవాల్లో అడుగులు. ఎక్కడో ఒక పిల్ల నవ్వింది, ఆ నవ్వు మీద ఎవరో చేయి పెట్టినట్టు ఆగింది. ఈ ఓడ లోపల ఎప్పుడూ ఉండే హోరు ఒకటుందని అది పోయాకే తెలిసింది. ఇంతమందిమి, ఒక తెల్లటి దాని మధ్యలో, ఊపిరి పట్టుకుని ఉన్నాం. కింద నీళ్ళు ఓడ గోడను నిమురుకుంటూ వెళుతున్నాయి. ఎక్కడో ఒక బొట్టు పడింది.

ఎవరో కిటికీ తెరిచారు.

గంట మోగింది. శుభ్రంగా ఒకటి. బొంగురుగా ఒకటి.

చుక్కాని మనిషి చేతులు వాటంతట అవే పైకి లేచాయి. భాస్కరం గారు గొంతు సవరించుకోకుండానే అరిచారు, "మలుపు వద్దు! గాలిపటాలు దించండి, అన్నీ!"

ఆ తర్వాత కింది నుంచి ధనధనమని చప్పుడు వచ్చింది. నేను ఉలిక్కిపడ్డాను. ఏసుపాదం గారు తన బాల్కనీలో పెద్ద గంగాళాన్ని గరిటెతో వాయిస్తున్నారు. రెండు దెబ్బలు, ఆగి రెండు. మేం విన్నాం అని నాగావళికి చెప్పడానికి. అది ఎవరూ చెప్పమన్నది కాదు. అవతల గంట ఒక్క క్షణం ఆగింది. తర్వాత త్వరత్వరగా మోగింది.

సాయంత్రం కాకముందే పొగమంచు ఎడమవైపు కొంచెం చిరిగింది. కాసులమ్మ గారు అప్పటికి నా మంచం మీదే కూర్చుని ఉన్నారు. రండి, చూద్దురుగాని అన్నాను. ఆవిడ లేచి తన గదికి వెళ్ళిపోయారు.

"నువ్వు చెప్పు," అన్నారు గొట్టంలోంచి.

మంచం మీద మోకాళ్ళ మీద కూర్చుని, నోరు గొట్టం దగ్గర, కళ్ళు గాజు తలుపు వైపు పెట్టి చెప్పాను.

"ముక్కు వచ్చిందండీ. తెల్లరంగు పెచ్చులూడి తుప్పు కనబడుతోంది. పేరులో 'నా' ఉంది, తర్వాత అక్షరాలు తడిసి మసకగా ఉన్నాయి. చాలా దగ్గరగా ఉందండీ. మన ఓడ మళ్ళి ఉంటే..."

"మళ్ళలేదుగా. చెప్పు."

"బాల్కనీలు వచ్చాయి. ఒకాయన సగం గడ్డం గీసుకుని నిలబడ్డాడు. నురగ అలాగే ఉంది. ఒక బాల్కనీలో మిరపమొక్క. ఒకావిడ పిల్లను ఎత్తి చూపిస్తోంది. ఎవరూ అరవడం లేదండీ. చేతులు ఎత్తుతున్నారు, అంతే. మన వాళ్ళూ ఎత్తారు. ఓడ మధ్యభాగం వచ్చింది. బట్టలు ఆరేశారు. పసుపు చీర ఒకటి. ఒక ముసలాయన కుర్చీలో నిద్రపోతున్నాడు, ఎవరూ లేపలేదు..."

"లేపరేం వెధవలు! ఇంకా?"

"అంతేనండీ. పొగమంచు మూసుకుంది."

"మొత్తం చూశావా?"

"లేదండీ. వెనకవైపు కనబడలేదు."

"పోనీలే. అక్కడా అవే బాల్కనీలు, అవే బట్టలు."

"నేను చూడలేదండీ," అన్నాను.

ఆవిడ దారం బర్రున లాగారు. "బాగా చెప్పావు పిల్లా. నా కొంగు తడిసింది," అన్నారు.

సోమవారం

పొగమంచు లేదు. సముద్రం నీలంగా ఉంది. అలలు ఉన్నాయి.

ప్రవాహం తప్పింది. దక్షిణానికి కొట్టుకుపోతున్నాం. నాగావళి గాలిపటాలు నిన్న తెల్లవారుజామున ఉత్తరాన చుక్కల్లా కనబడి పోయాయని పైవాళ్ళు చెప్పారు. వంటశాలలో బియ్యం తగ్గించారు, ఇవాళ రెండు పూటలా గంజే. వరుసలో నిలబడితే ఎవరూ నన్నేమీ అనలేదు. ఒకావిడ తన ముందు చోటిచ్చింది. గంజి నీ పొగమంచు కంటే పలచగా ఉందని కాసులమ్మ గారు గొట్టంలో తిట్టారు. ఏసుపాదం గారు తన గంగాళానికి సొట్ట పడిందని, నాకే చూపిస్తానని, పలక పైనుంచి ఎత్తి చూపించారు.

సొరుగులో అట్టముక్కను తీసి తలుపు పిడికి లోపలివైపు తగిలించాను. కాఫీ దగ్గర టిక్కు అలాగే ఉంది.

గాజు మీద అరచేయి మళ్ళీ వచ్చింది. నా చేయి దాని మీద పెట్టి చూశాను. నాది చాలా పెద్దది.

మా అమ్మ నాగావళిలో ఉంటుంది. వెనకవైపు, నాలుగో అంతస్తులో.